క్లేర్ తాతగారి చూపు

నిన్న సాయంత్రం మెల్‌బోర్న్ శివార్లలో, పాయింట్ కుక్ దారిలో ట్రాఫిక్ ఆగిపోయింది. పక్క కారులో ఒకాయన అద్దాలు బిగించుకుని ఫోన్‌లో ఎవరితోనో గొడవపడుతున్నాడు. మాట ఒక్కటీ వినిపించదు. పెదవుల నిండా కోపం; స్టీరింగ్ మీది చెయ్యి మాత్రం ఎవరినో బతిమాలుతున్నట్టు తెరుచుకుంటోంది. వెనక కార్లు హారన్ కొట్టేదాకా ఆ చేతినే చూస్తూ ఉండిపోయాను. అలా చూడడం నాకు క్లేర్ నేర్పింది.

క్లేర్ ఇక్కడి యూనివర్సిటీలో మాకు ఫిల్మ్ ఎడిటింగ్ చెప్పిన ఫ్రెంచావిడ. అరవై దాటినా పాఠం చెప్పినంతసేపూ గదిలో అటూ ఇటూ తిరుగుతూనే ఉండేది. నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి ఆ క్లాసులో చేరాను. "పర్మనెంట్ అయ్యాక రిజైన్ చేసి యూనివర్సిటీకి వెళ్తారా ఎవరైనా? నీకు ఎక్కడా కాలు నిలవదు స్వాతీ," అన్నాడు మా ఆయన రవి. బాగానే సాగుతున్న పనిలో ఊపిరాడడం లేదంటే ఎవరు నమ్ముతారు?

క్లేర్ తాతగారు మూకీల కాలంలో ఫ్రాన్సులో పేరున్న నటుడు. జనం వీధిలో గుర్తుపట్టి వెంటపడే రోజుల్లోనే నటన మానేసి దర్శకుడయ్యాడు. మళ్లీ తెర మీద కనిపించలేదు. ఆయన మీద క్లేర్ ఒక డాక్యుమెంటరీ తీస్తోంది. చేతులు వణికే జబ్బు మొదలై మౌస్ పట్టుకోవడం కష్టమయ్యాక నన్ను తన కుర్చీలో కూర్చోబెట్టింది. "నువ్వు కట్ చెయ్యి. నేను వెనక నిలబడి విసిగిస్తాను," అంది. నిజంగానే విసిగించింది. ఒక్క షాట్ కోసం మధ్యాహ్నమంతా గడిచిపోయేది.

ఆయన నటించిన చివరి సినిమాలో ఆయనే పెళ్లికొడుకు. ఆ పెళ్లి విందు దృశ్యం దగ్గర ఒకసారి ఆపించింది.

"ఆయన ఎటు చూస్తున్నాడు?"

"పెళ్లికూతురి వైపు, మేడమ్."

"క్లేర్ అను. మళ్లీ చూడు."

చూశాను. పెళ్లికూతురి భుజం మీదుగా, వెనక వడ్డించేవాళ్ల వైపు చూస్తున్నాడు. వాళ్లలో ఒకామె కదలడం మరిచిపోయింది. ఆయన గడ్డం కొద్దిగా ఎత్తాడు; ఆమె అడుగు వేసింది. ప్రేమలో మునిగి ఉండాల్సిన పెళ్లికొడుకు విందు మొత్తాన్ని నడిపిస్తున్నాడు! "చూశావా? అప్పటికే కెమెరా వెనక్కి వెళ్లిపోయాడు," అంది క్లేర్.

పని పూర్తి కావస్తుండగా ఒక టీవీ చానెల్ సినిమా తీసుకుంటామంది. షరతు ఒక్కటే: మాటల సినిమాలు వచ్చాక గొంతు పనికిరాక ఆయన నటన వదులుకోవలసి వచ్చిందని చెప్పాలి. అలాగైతే చూసేవాళ్లు కంటతడి పెడతారట. ఆయన మానేసింది మాటలు రావడానికి చాలా ముందే. కానీ మా పని నలుగురూ చూడాలని నా ఆరాటం.

"ఒక్క వాక్యమే కదా, క్లేర్. ఎవరికి తెలుస్తుంది?" అన్నాను.

ఆవిడ తిరగడం ఆపి, వణికే చేతులు చంకల్లో దాచుకుని నిలబడింది. "మా తాతను ఎవరూ బయటికి పంపలేదు, స్వాతీ. బాగా చేస్తున్న పనిలోంచి ఆయనే లేచి వెళ్లాడు. మనిషి అలా కూడా వెళ్లగలడంటే అందరికీ భయం. అందుకే ఏదో దెబ్బ తగిలిందని చెప్పమంటారు."

చానెల్ తప్పుకుంది. సినిమాను ఒక లైబ్రరీ హాల్లో వేశాం. సగం కుర్చీలు ఖాళీ. క్లేర్ లోపల కూర్చోలేక తలుపు బయట పచార్లు చేస్తూనే ఉంది. పెళ్లికొడుకు గడ్డం ఎత్తగానే ఎవరో గట్టిగా నవ్వారు. ఆవిడ గబుక్కున లోపలికి తొంగిచూసింది. నవ్వింది రవి.

మరుసటి చలికాలంలో క్లేర్ పోయింది. నేను కొన్నాళ్లు ఎడిటర్‌గా పనిచేసి, ఈమధ్య అదీ వదిలేసి, సొంతంగా ఒక సినిమా తీయాలని తిరుగుతున్నాను. అవుతుందో లేదో తెలియదు. నిద్ర సరిగ్గా పట్టడం లేదు. మొన్న ఒక పుట్టినరోజు పార్టీలో ఒక ఆంటీ నా చెయ్యి పట్టుకుని జాలిగా, "ఎడిటింగ్ జాబ్ కూడా పోయిందటగా అమ్మా? లేఆఫా?" అంది. అవునంటే మాట అక్కడితో హాయిగా ముగిసేది.

"లేదాంటీ. చాలా బాగుండేది. నేనే మానేశాను."

ఆవిడ ఇంకా ఏదో వినాలని నా ముఖంలోకి చూస్తూనే ఉంది.