మా ఎస్తేరు మరిచిన మూత

టెక్కలి బస్టాండులో శనివారం పొద్దున్న ఆరుంబావుకి పలాస బస్సెక్కాను. వెళ్లాల్సింది కవిటి పక్కనున్న మా చిన్నప్ప, అంటే మా చిన్నక్క ఊరికి. ముందురోజు ఆవిడ ఫోన్ చేసింది.

"గుంట మూడు వారాలై ఇంట్లోనే కూకుంది. ఇమానం ముట్టనంటంది. సోమారం పొద్దున్నకి ఎల్లకపోతే ఆ సీటు ఇంకోల్లకి ఇచ్చీత్తారట. నీకు మాటలొచ్చు గదా, వచ్చి సెప్పు" అంది.

గుంట అంటే ఎస్తేరు, నా మేనకోడలు. కొబ్బరి రైతు కూతురు. స్కాలర్‌షిప్పు మీద ఒడిశాలో విమానం నేర్చుకుని, ఈ మధ్యనే ప్రైవేట్ పైలట్ లైసెన్సు తెచ్చుకుంది. అక్కడే పై లైసెన్సుకు చదువుతోంది. లైసెన్సు వచ్చిన రోజు నుంచీ టెక్కలికీ ఇచ్ఛాపురానికీ మధ్య నా నోటికి తీరిక లేదు.

బస్సులో నా పక్కన ఎండుచేపల గంపతో ఒకామె కూర్చుంది. గంట ప్రయాణం ఊరికే పోనివ్వడం నాకు చేతకాదు.

"మా మేనగోడలు కవిటి మీంచి ఇమానం తిప్పిందప్పా. ఆ గాలికి కాయలన్నీ రాలిపోనాయి. మా బావకి ఆ నెల సెట్టెక్కే పనే నేదు" అన్నాను.

ఆమె రెప్ప వెయ్యలేదు. "మరి కింద మట్టలు ఏరుకున్నోల్లు బతికే ఉన్నారేటి?"

"కబుర్లకి టికెట్టు నేదు గానీ, బస్సుకి ఉంది మావా" అంటూ కండక్టరు చెయ్యి చాపాడు.

ఏడుంబావుకి పలాసను ఆనుకునున్న కాశీబుగ్గ. ఈ దారిన వచ్చేవాళ్లు ఇడ్లీ ఇక్కడే తినండి, తర్వాత వేడిగా దొరకదు. వీధి వీధంతా వేగిన జీడిపప్పు వాసన. నాకు తెలిసిన జీడిపప్పు కొట్టాయన "పైలట్ మావ వచ్చీసాడు!" అని నవ్వాడు. ఆ మధ్య ఆయన నా మాట నమ్మకపోతే, ఆ కొట్టు ముందే నిలబడి ఎస్తేరుకి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టాను. "మావా, ఇప్పుడు కాదు" అంటున్నా వినకుండా ఒక్క నిమిషం మాట్లాడించాను. ఎస్తేరు కోసం పావుకిలో పప్పు కట్టించుకుని ఎనిమిదింటి సోంపేట బస్సు పట్టుకున్నాను. సోంపేటలో దిగి షేర్ ఆటో ఎక్కితే, ఇంక ఉద్దానమే, దారంతా కొబ్బరి నీడే. ఎండ నేల మీద చిల్లరగా పడుతుంది.

ఊరు చేరేసరికి పది. తోటలో మా బావ యోహాను చెట్టు మొదట్లో కూర్చుని కాళ్లకు తాడు వేసుకుంటున్నాడు.

"బావా! బావున్నావేటి?" అని అరిచాను.

తలెత్తలేదు. సగం కట్టిన తాడు విప్పేశాడు. దులిపి, మళ్లీ మొదటి ముడి నుంచి కట్టుకున్నాడు. నడుం తాడు రెండుసార్లు లాగాడు. వెనక కత్తిని తట్టి చూసుకున్నాడు. ఆ తర్వాత నా వైపు ఒక నవ్వు పారేసి చెట్టెక్కాడు.

పక్కనే కొబ్బరి డొక్కల కుప్ప మీద ఎస్తేరు కూర్చుని ఉంది. చిక్కిపోయింది.

"తాడు కట్టినప్పుడు పిలవకూడదు మావా. ఎవరైనా పిలిత్తే నాన్న ఇప్పీసి మల్లీ కడతాడు. ఊరందరికీ తెలుసు, నీకు తప్ప" అంది.

కాయలు దింపి వచ్చాక బావ తీరిగ్గా పలకరించాడు. "ఏ ముడి ఏసానో, ఏది ఏయనేదో అప్పుడు గేపకం ఉంటాదేటి బావా? మొదట్నించీ కట్టుకుంటే గొడవుండదు."

క్యాన్ నీళ్లు గ్లాసుల్లో పోసి చిన్నప్ప అన్నం పెట్టింది. ప్రార్థన చేసుకుని, ఎండుచేపల పులుసుతో తిన్నాం. ఎస్తేరు మెతుకులు కెలికి లేచిపోయింది. వెనకే అరుగు మీదికి వెళ్లాను. అడక్కుండానే ఒక నోటుబుక్కు నా ఒళ్లో పెట్టింది. లైసెన్సు వచ్చాక చేసిన తప్పులన్నీ అందులో రాసుకుంది.

'దిగేటప్పుడు ఎత్తు ఎక్కువైంది. మళ్లీ లేపి చుట్టి రావడానికి సిగ్గేసింది. సిగ్గుపడకూడదు.' 'ఇంధనం ఎంతుందో ముల్లు చూసి నమ్మాను. పుల్ల ముంచి చూడాలి.' ఇలా పేజీలు. ఆఖరి దాంట్లో ఉంది: 'ఉదయం 9.10. రెక్క మీద ఇంధనం మూత బిగించలేదు. గాల్లోకి లేచాక కుడి రెక్క వెనక తెల్లటి ధార. వెంటనే తిప్పి దించాను. కారణం' అని రాసి, పక్కన ఖాళీ.

పైనున్న తేదీ చూసి, నా ఫోన్ తీసి పాత కాల్స్ కిందికి జరుపుకుంటూ వెళ్లాను. అదే రోజు. తొమ్మిదీ ఎనిమిది. జీడిపప్పు కొట్టు ముందు నుంచి చేసిన ఫోను.

"నా ఫోనేనా?" అన్నాను.

ఎస్తేరు చెట్ల వైపు చూసింది. "మూత మీద సెయ్యుంది మావా. మాటాడేసి, బిగించాననుకుని ఎక్కేసాను."

"మీ సారుకి సెప్పనేదేటి?"

"సెప్తే నీ మాట సెప్పాలి గదా. నువ్వేమో బస్సుల్లో నా గురించి గొప్పలు సెప్పుకుంటావు. ఒకలు పిలిత్తే మర్సిపోయే పైలట్నని నీకెలా సెప్పను? దిగినాక బ్యాగట్టుకుని ఇంటికొచ్చీసాను. మల్లీ ఎవరైనా పిలిత్తే?"

బస్సులో నాలుగు కథలు సిద్ధం చేసుకుని వచ్చాను. అవన్నీ పక్కన పెట్టి, నోటుబుక్కు ఆమె ముందుకు జరిపాను.

"రాయమ్మా" అన్నాను. "కారణం, మావ. మీ సారుకి కూడా అలాగే సెప్పు."

ఆమె నవ్వబోయి ఏడ్చేసింది. తల నిమురుతూ కూర్చున్నాను. తోటలో బావ ఇంకో చెట్టు కింద తాడు కట్టుకుంటున్నాడు. మా చిన్నప్ప పెరట్లోంచి అతన్ని పిలవబోయి, చూసి, నోరు మూసుకుంది. ఎస్తేరు కూడా అటే చూస్తోంది. కాసేపటికి పెన్ను అడిగింది. ఖాళీలో నా పేరు రాయలేదు. 'మధ్యలో ఫోను. ఇకమీదట ఎవరు పిలిచినా మొదటి నుంచి' అని రాసి, లోపలికెళ్లి బ్యాగు సర్దుకుంది.

ఆదివారం చర్చి అయిన వెంటనే బయల్దేరి, ఒంటిగంటకు పలాస స్టేషన్లో ఉన్నాం. భువనేశ్వర్ వైపు వెళ్లే బండి పావుగంట ఆలస్యం. ఎస్తేరు కిటికీ పక్కన కూర్చుని జీడిపప్పు పొట్లం విప్పింది.

"మావా, పొద్దున్న పూట ఫోన్ సెయ్యకు. దిగినాక నానే సేత్తాను."

"కొట్టాయన అడిగితే?"

"ఆయన్నీ ఆగమను."

బండి కదిలాక కాశీబుగ్గ వచ్చి టెక్కలి బస్సెక్కాను. నిన్నటి కండక్టరే, వేలు చాపి జనాన్ని లెక్కపెడుతున్నాడు. ఒక మాట నాలిక చివరికొచ్చింది. ఆఖరి సీటు దాకా అతని వేలు వెళ్లి, తిరిగి వచ్చేవరకూ ఆగాను.

"ఏటి మావా, మీ మేనగోడలు ఇంకేటి రాల్చింది?" అని అతనే అడిగాడు.

జరిగింది జరిగినట్టు చెప్పాను. మూత, నా ఫోను, తెల్లటి ధార, ఆ పిల్ల ఒక్కతే తిప్పి దించడం, అన్నీ.

"ఊరుకో మావా! ఒక్క ఫోనుకి అంత పనవుద్దేటి? ఇది అతకనేదు. ఆ కొబ్బరికాయలదే సెప్పు" అన్నాడు. వెనక సీట్లవాళ్లు కూడా సెప్పు, సెప్పు అన్నారు.

ఉద్దానం వెళ్లేవాళ్లకు నా సలహా ఒక్కటే. చెట్టు కింద తాడు కట్టుకునే మనిషి కనిపిస్తే, దిగి వచ్చేదాకా పలకరించకండి.

ఫోన్ జేబులో పెట్టి, కొబ్బరికాయల కథ అందుకున్నాను. రాళ్లవాగు దగ్గర ఎవరో దిగుతూ అడ్డొచ్చారు. మళ్లీ మొదటి నుంచి చెప్పాను.