అక్కికి వెలుతురు మందు

బెల్లంపల్లిలో దేవదాస్ డాక్టర్ దవాఖానకు వచ్చేవాళ్ళలో సగం మంది అసలు డాక్టర్ కోసం వచ్చేవాళ్ళు కాదు. డ్రెస్సర్ రాయమల్లు కోసం వచ్చేవాళ్ళు. బొగ్గుబాయిలో బండ తగిలి చెయ్యి చీరుకుపోయినా, కాలి పుండు చీము పట్టినా రాయమల్లు కట్టు కడితే నొప్పి తెలియదని పేరు. పుట్టింది కుమ్మరి ఇంట్లో. మన్ను పిసికిన వేళ్ళు కదా, మెత్తగా కదలక ఏం చేస్తాయని ఎవరైనా అంటే మాత్రం ఆయనకు చుర్రుమనేది. పోలీసు చర్య జరిగిన మరుసటి ఏడు దవాఖానలో పనికి కుదిరినప్పటి నుంచి ఆయన కుండలు చేసే సారె ముట్టలేదు.

మన్నంటే అంత కోపం ఎందుకంటే, ఆయన తల్లి దుర్గవ్వ అక్కి రాసే మనిషి. ఒంటికి ఒక పక్కనే వరసగా పొక్కులు లేచి, నిప్పు పెట్టినట్టు మండే జబ్బును అక్కి అంటారు. ఆ జబ్బు వస్తే జనం కుమ్మరి ఇంటికే పోతారు. ఎర్రమన్ను నీళ్ళలో కలిపి, కోడి ఈకతో పొక్కుల మీద పూసి, పక్కన సింహం బొమ్మ గీస్తారు. ఆ తర్వాత రోగి ఎండ కంట పడకుండా చీకటి అర్రలో ఉండాలి. ఆ పొక్కులు చీము పట్టాక అదే రోగి దవాఖానకు వస్తాడు, తల్లి పూసిన మన్నును కొడుకు గీకి తీస్తాడు. ఇంట్లో ఇద్దరూ ఒకే కుండలో వండింది తింటారు గానీ ఈ సంగతి మాత్రం ఎత్తరు.

అరవై ఆరు చలికాలంలో ఒకరోజు డాక్టర్ ఒక విదేశీ వైద్య పత్రిక పట్టుకుని రాయమల్లును పిలిచాడు.

"అక్కి ఎందుకొస్తదో ఎరికేనా? కంటికి కనపడని క్రిమి. పెదవి మీద లేసే పొక్కుల క్రిమి కూడా గా జాతిదే. కొన్ని రంగులు ఆ క్రిమి లోపలికి పోయి కూసుంటయట. అప్పుడు వెలుతురు పడ్డదనుకో, క్రిమి ఖతం. ఉత్త రంగుతోటి కాదు, ఉత్త వెలుతురుతోటి కాదు. రెండూ కావాలె."

"మనిషి మీద చూసిండ్రా సార్?"

"లే. గాజు గిన్నెలల్లనే చూసిండ్రు."

ఆ మాట రాయమల్లు చెవికి ఎక్కలేదు. ఇన్నేళ్ళుగా అక్కిని చీకట్లో దాచిపెడుతున్నారే, దానికి విరుగుడు వెలుతురేనా! ఆయనకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పదిరోజుల్లో డాక్టర్ హైదరాబాదులోని స్నేహితుడి దగ్గర నుంచి ఎర్ర రంగు సీసా ఒకటి తెప్పించాడు.

మందు వచ్చింది, రోగే దొరకలేదు. వచ్చినవాళ్ళంతా అక్కికి ఎండ చూపించాలన్న మాట వినగానే లేచి వెళ్ళిపోయారు. బొగ్గు కొట్టే సారయ్యనైతే రాయమల్లు చెయ్యి పట్టుకుని బతిమాలాడు.

"నీకేమన్న పిచ్చా రాయమల్లన్నా?" అన్నాడు సారయ్య. "మీ అవ్వ ఇంట్ల ఉండంగ నువ్వు రంగు పూసుడేంది?" అని అటునుంచి అటే దుర్గవ్వ దగ్గరికి నడిచాడు. ఇంటి మనిషే పోటీ అయినప్పుడు ఊరిని ఏమనాలి? రాయమల్లు ఆ రోజంతా కనపడిన ప్రతివాడి మీదా కసురుకున్నాడు.

సంక్రాంతి దాటాక దుర్గవ్వకే అక్కి లేచింది. కుడి భుజం నుంచి మోచేతి దాకా, ద్రాక్ష గుత్తుల్లా. చీర కొంగు తగిలినా ప్రాణం పోయినంత పని అయ్యేది. అక్కి రాసే మనిషి తనకు తాను రాసుకోకూడదు, ఇంకో కుమ్మరి చెయ్యి పడాలి. ఆమె చెల్లెలు కొమురవ్వ రెండు ఇళ్ళ అవతలే ఉంటుంది. కబురు పెట్టబోతుంటే రాయమల్లు అడ్డం పడ్డాడు.

"అవ్వా, ఒక్కసారి నా మాట విను. పది రోజులు. తగ్గకపోతే నీ మన్నే పూసుకో."

"ఎండ తగిలితే అక్కి రేగుతది బిడ్డా."

"రేగదవ్వా. నా మీద నమ్మకం లేదా?"

దుర్గవ్వ నొప్పి చెయ్యిని కొడుకు ముందుకు చాపింది. "సరే తియ్యి," అంది.

రాయమల్లు పొక్కు పొక్కునూ కాల్చిన సూదితో విప్పి, దూదితో రంగు అద్ది, తల్లిని వాకిట్లో చాప మీద ఎండలో అరగంట కూర్చోబెట్టేవాడు. తర్వాత డ్యూటీకి పోతూ మధ్యాహ్నం ఇంకో అరగంట కూర్చోమని చెప్పేవాడు. సాయంత్రం వచ్చి చూస్తే చెయ్యి ఎర్రగా మెరిసేది. మళ్ళీ రంగు పూసేవాడు. ఆరో రోజుకు కొత్త పొక్కు లేదు. తొమ్మిదో రోజుకు ఉన్నవన్నీ పక్కు కట్టాయి, చీము చుక్క లేదు. రాయమల్లు భూమ్మీద నడవలేదనే చెప్పాలి.

"రంగు జర కూడ పోలే సార్, పొద్దుగాల పూస్తే పొద్దూకె దాంక అట్లనే ఉంటున్నది," అని డాక్టర్‌తో గొప్పగా చెప్పాడు.

డాక్టర్ కళ్ళద్దాలు తీశాడు. "అదేంది? ఎండకు రంగు వెలిసిపోవాలె గదా."

"మంచి రంగు సార్ అది," అని రాయమల్లు కొట్టిపారేశాడు.

ఇల్లు అలకగానే పండుగ కాదని డాక్టర్‌కు తెలియక కాదు. అక్కి దానంతట అదే తగ్గే జబ్బని, ఒక్క మనిషిని చూసి ఏమీ తేల్చలేమని ఆయనే చెప్పాడు. అయినా ఆశ మనిషిని ఊరుకోనిస్తుందా? హైదరాబాదులో తనకు చదువు చెప్పిన పెద్ద డాక్టర్‌కు ఉత్తరం రాశాడు. అందులో 'ఈ చికిత్స చేసినది మా డ్రెస్సర్ రాయమల్లు' అని ఉన్న వరసను రాయమల్లు రెండుసార్లు చదివించుకున్నాడు. సోమవారం ఉత్తరం పోస్టు చేయాలి.

ఆదివారం పొద్దున తల్లి చెయ్యి శుభ్రంగా కడిగి, మచ్చలు ఎన్ని ఉన్నాయో రాసుకుందామని రాయమల్లు తెల్ల పింగాణీ తట్ట ముందు పెట్టుకున్నాడు. దూది తడిపి మెల్లగా తుడిచాడు. తట్టలో నీళ్ళు ఎర్రబడ్డాయి. దూది మార్చడానికి లోపలికి పోయి వచ్చేసరికి పైన నీళ్ళు పలుచని గులాబీ రంగుకు తిరిగాయి. ఎరుపంతా తట్ట అడుగుకు దిగి పేరుకుంది. వేలు పెట్టి రుద్దాడు. జారుడుగా, నున్నగా తగిలింది.

రంగు నీళ్ళలో కలుస్తుంది. అడుగుకు దిగేది మన్ను.

"అవ్వా, గిదేంది?"

దుర్గవ్వ చెయ్యి వెనక్కి తీసుకోబోయింది.

"ఎవలు పూసిండ్రు? చిన్నవ్వనేనా?"

"రెండో దినం నుంచి," అంది ఆమె నెమ్మదిగా. "నువ్వు డ్యూటీకి పోంగనే వస్తుండె. గుడ్డల వడగట్టి పలచగ పూసింది. సింహం గియ్యలే, గీస్తే నువ్వు గుర్తుపడ్తవని."

"మరి మధ్యాహ్నం ఎండ?"

"అర్రలనే ఉన్న."

కుమ్మరికి ఒక యేడు, గుదియకు ఒక పెట్టు అన్నారు; పది రోజుల పని ఒక్క దెబ్బకు పోయింది. రాయమల్లు తట్టను వాకిట్లోకి విసిరికొట్టాడు. మన్ను పొర కింద రంగుకు వెలుతురు ఎక్కడ తగిలింది? పొద్దుటి అరగంట పని చేసిందా, మన్ను పని చేసిందా, ఏదీ చేయకుండా అక్కే పోయిందా? బ్రహ్మదేవుడు దిగివచ్చినా ఇక చెప్పలేడు. "నమ్మకం లేకపోతే లేదని చెప్పొద్దా? పది దినాలు నన్ను పిచ్చోన్ని చేసినవ్ గదనే! అంత భయమైతే ఎందుకు ఒప్పుకున్నవ్?" అని అరిచాడు. కొమురవ్వ గుమ్మం దాకా వచ్చి వెనక్కి మళ్ళింది.

"భయం నా చెయ్యికి కాదు కొడుకా," అంది దుర్గవ్వ. "నీ మందుకు తగ్గకపోతే గా డాక్టర్ ముంగట నీ మొఖం చిన్నగైతదని. ఎట్లన్న తగ్గాలె, నీ పేరు రావాలె అనుకున్న."

రాయమల్లు మళ్ళీ దూది అందుకున్నాడు. తల్లి చెయ్యి తుడవడం సగంలోనే ఆగిపోయింది. మిగతా సగం తుడిచి, పొడి బట్ట చుట్టాడు.

సోమవారం డాక్టర్ ఉత్తరానికి స్టాంపు అంటిస్తుండగా రాయమల్లు జరిగిందంతా చెప్పేశాడు. డాక్టర్ కవరును బల్ల మీద పెట్టి, తట్టి తట్టి చివరికి రెండుగా చింపాడు. కోపం కంటే ఎక్కువగా ఆయనకు ఒక విషయం అంతు పట్టలేదు.

"నాకంటే మన్ను సంగతి తెలువదు. నువ్వు కుమ్మరింట్ల పుట్టినోనివి. తొమ్మిది దినాలు మన్ను మీద చెయ్యి పెట్టి రంగు పూసినవు. ఒక్కపూటన్న గుర్తుపట్టలేదా?"

రాయమల్లు తన వేళ్ళ వైపు చూసుకున్నాడు.

"గుర్తుపట్టిన సార్. రెండోనాడే వేళ్ళకు తెలిసింది," అన్నాడు. "మన్ననుకోబుద్ధి గాలే, రంగే అనుకున్న."