సైకాలజీ ప్రాక్టికల్స్‌కి మా ఆయన వచ్చిన రోజు

పంతొమ్మిది వందల అరవైల చివర, బిడ్డ పోయాక నేను మళ్ళీ డిగ్రీలో చేరింది చదువు మీద ప్రేమతో కాదు. తార్నాకలో మా అద్దె ఇంట్లో మధ్యాహ్నాలు గడవక. ఆఖరి సంవత్సరంలో, కడుపుతో ఉండగా మానేసిన బి.ఏ. అది. సైకాలజీ పేపర్లు, ప్రాక్టికల్స్ మిగిలిపోయాయి. కర్నూలు నుంచి వచ్చిన మా అమ్మ "ఇప్పుడెందుకే నీకు చదువు, ఇంకో బిడ్డను కంటే సరిపాయ" అంది. ఆ మాటకి చాన్నాళ్ళు ఆమెతో మాట్లాడలేదు.

మా ఆయన ఏమీ అనలేదు. పాప పోయిన వారంలోనే క్యారియర్ పట్టుకుని రైల్వే ఆఫీసుకి వెళ్ళిపోయిన మనిషి. ఊయల తాళ్ళు విప్పి అటకెక్కించింది కూడా ఆయనే, నన్నొక మాటైనా అడక్కుండా. ఆయన కంట నీటిచుక్క చూడలేదు నేను. అదే నా కోపం. ఏడ్చేది నేనొక్కదాన్నే కాబట్టి పాప నాకొక్కదానికే పోయినట్టుండేది.

సైకాలజీ ప్రాక్టికల్ పరీక్షకి ఎవరి మనిషిని వాళ్ళే తీసుకెళ్ళాలి. సబ్జెక్ట్ అంటారు. ప్రయోగం ఆ మనిషి మీదే చేయాలి. వస్తానన్న సీతాఫల్‌మండి స్నేహితురాలికి ఆ పొద్దునే జ్వరమని కబురొచ్చింది. నేను తల పట్టుకుని కూర్చుంటే, ఆయన సెలవు పెట్టి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని నాతో బయలుదేరారు.

"నన్ను కోస్తారా ఏమి?" అన్నారు దారిలో. నాకు నవ్వు రాలేదు.

లాబ్‌లో ఎదురుబొదురు కూర్చున్నాం. ఎగ్జామినర్ గారిచ్చిన మాటలు నేను ఒక్కొక్కటే చదవాలి. వినగానే తోచిన మొదటి మాట ఆయన చెప్పాలి. ఎంతసేపు పట్టిందో నేను స్టాప్‌వాచ్‌లో చూడాలి.

"చెట్టు."

"నీడ."

"రైలు."

"లేటు."

పక్క బల్ల దగ్గరి అమ్మాయి కిసుక్కుమంది. ఇంత చలాకీగా మాట్లాడే మనిషికి ఇంట్లో నోరెందుకు పెగలదోనని నాకు ఒళ్ళు మండింది.

"పాలు" అన్నాను.

ఆయన నోరు తెరిచి మూశారు. ముల్లు తిరుగుతూనే ఉంది. ఆయన కళ్ళు బల్ల మీద నుంచి లేవలేదు. ఎగ్జామినర్ గారు హైదరాబాదావిడ. దగ్గరికొచ్చి, "జవాబు రాకుంటే రాలేదని రాసుకోమ్మా, ముందుకు పో" అన్నారు.

అప్పుడన్నారాయన, నాకు మాత్రమే వినపడేంత మెల్లిగా, "వద్దు."

రాసుకున్నాను. మిగతా మాటలు ఎలా చదివానో తెలియదు.

ఆ పరీక్ష గట్టెక్కింది, డిగ్రీ వచ్చింది. నాకు గుర్తున్నది మాత్రం ఆ రోజు క్యాంపస్ నుంచి నడిచొచ్చిన దారి. పాలంటే వద్దేమిటని అడిగాను. ఆయన నడుస్తూనే చెప్పారు.

"పాప పోయిన మర్నాడు తెల్లారకముందే పోయి సందు మొదట్లో నిలబడినా. పాలాయన రోజూ 'పాప లేచిందా' అని అరుచుకుంటా వస్తాడు గదా. నీకప్పుడే కన్ను మూతపడింది. వినపడితే ఎట్లని. ఇంక పాలే వద్దని చెప్పబోతే మాట రాలా. ఆయనే సైకిలు ఆపి నన్ను పట్టుకున్నాడు. ఆడనే ఏడ్చి, కుళాయి కాడ మొహం కడుక్కొని వచ్చినా."

పాప ఆయనకీ పోయిందని నాకు ఆ రోడ్డు మీద తెలిసింది. పాప పోయిన ఆ మర్నాడు పొద్దున నేను లేచేసరికి ఆయన గ్లాసుతో నిలబడి ఉండటం గుర్తొచ్చింది. అది పాలు లేని కాఫీ. ఎందుకని నేనడగలేదు, ఆయన చెప్పలేదు. చేదని కూడా అనకుండా తాగేశాను.