తెరిచి చూసి పలకనివాళ్లు

మా ఇంటి ముందరి గది కోసం ఒక ఏడాది పాటు తండ్రికీ బిడ్డకూ పోరు నడిచింది. నేను నడుమ ఉన్నానని ఇద్దరూ అనుకున్నారు గానీ, నేను మొదటి నుంచీ బిడ్డ పక్కనే. పైకి చెప్పలేదు, అంతే.

మా ఆయన తాండూరులో బండలు పాలిష్ పట్టే యూనిట్‌లో సూపర్‌వైజరు. ఊరి బయట కొంచెం చేను ఉంది, అందులో కంది వేస్తాం. కందులు ఇంటికి వచ్చాక ధర పలికేదాకా బస్తాలను ముందరి గదిలో పేర్చడం మా అత్త కాలం నుంచీ ఉన్న అలవాటు. ఆ గదిని మా బిడ్డ ఆక్రమించింది. యూనిట్‌లో అంచు విరిగిందని పక్కకు పారేసిన బండ ముక్కలు తెచ్చి వాటి మీద బొమ్మలు వేస్తుంది. ఎద్దులు, మేకలు, జొన్నరొట్టె కొట్టే ఆడవాళ్లు, ఏది తోస్తే అది. డిగ్రీ అయ్యాక, నాకు ఇదే ఉద్యోగం అని కూర్చుంది.

"బండ మీద బొమ్మను పైసలిచ్చి ఎవడు కొంటడు బిడ్డా?" అన్నాడు మా ఆయన. "సరే, కందులు ఇంటికొచ్చేదాక చూస్త. అప్పటికి గిరాకీ వస్తె గది నీది. రాకుంటె గది ఖాళీ చేసి, మా యూనిట్ ఆఫీసుల కంప్యూటర్ ముందట కూసోవాలె."

"కూసుంట నాయినా," అంది ఇది. వాళ్ల నాయనమ్మ పౌరుషం దానికి.

వికారాబాద్‌లో ఒక బడి మైదానంలో మూడు రోజులు మేళా పెడితే, మేమిద్దరం బండలు మోసుకుని రైలెక్కి పోయాం. వచ్చినవాళ్లంతా బొమ్మను నిమిరారు, మెచ్చుకున్నారు, "గింత బరువు ఎట్ల మోస్తం" అని వెళ్లిపోయారు. మూడో రోజు మా బిడ్డ ఒక నోటుపుస్తకం తెరిచి పెట్టింది. పేరు, ఈమెయిల్ రాసిపోతే తరవాత ఉత్తరాలు పంపుతుందట. బండను ఇంటికి పార్సిల్ చేస్తుందట. నిలబడి జనాన్ని ఆపడం నా పని. పెళ్లిలో చుట్టాలు చదివించే కట్నాలు రాసే పుస్తకం లాగా కనిపించిందేమో, రుమాలు చుట్టుకున్న ఒక పెద్దాయన జేబులో చెయ్యి పెట్టి "ఎంత రాపియ్యాలె, పిల్ల ఎవల బిడ్డ?" అన్నాడు. నేనైతే ఎంతో కొంత రాయించేదాన్నే, మా బిడ్డ నా చెయ్యి గిల్లింది.

అప్పటి నుంచి ప్రతి గురువారం ఉత్తరం. దానికి ఈమెయిల్ మార్కెటింగ్ అని పేరట, ఫోన్‌లో వీడియోలు చూసి నేర్చుకుంది. మేళాకు రానివాళ్లు కూడా ఫోన్‌లో నొక్కి పేరు ఇచ్చుకోవచ్చట. కొత్త బొమ్మ ఫోటో పెట్టి, కింద నాలుగు ముక్కలు రాసి, ఒక్క నొక్కు నొక్కితే అందరికీ పోతుంది. నేను నాలుగో తరగతి దాకానే చదివినా దాని పక్కన కూర్చుని అన్నీ చదివేదాన్ని.

"ప్రియమైన కస్టమర్లకు" అని ఉంది మొదటిదాంట్లో.

"గిదేందే, ప్రియమైన అని పిలుస్తనే అమ్మజూపుతున్నవ్? ముందుగాల మంచిగున్నరా అని అడగవా?"

"అమ్మా, నీ లెక్క రాస్తె ఉత్తరం పూడూరు దాక పొడుగైతది."

నెల గడిచింది, రెండు నెలలు గడిచాయి. ఒక్కరూ పలకలేదు. చేలో కంది పూత మీదికి వచ్చింది. మా బిడ్డ మొహం రోజు రోజుకూ వాడిపోతోంది. ఒకరోజు ల్యాప్‌టాప్‌లో ఏదో పట్టీ చూపించింది. ఉత్తరం ఎవరు తెరిచారో, ఎన్నిసార్లు తెరిచారో అందులో తెలుస్తుందట. నాకు తల తిరిగింది. అరవై మందికి పంపితే నలభై మంది తెరిచారు! ఒకరైతే, పేరు లేదు, ఒట్టి ఈమెయిలే, ప్రతి ఉత్తరాన్నీ ఐదేసి, ఆరేసి సార్లు తెరిచారు.

"తెరిచి చూసి గమ్మునున్నరా?"

"గంతేనమ్మా. రేపు గీ తెరిచినోళ్లకే ఇంకో ఉత్తరం తియ్యగ రాయాలె. ఏం రాయాల్నో తెలుస్తలేదు."

తెల్లారి అది రంగులు కొనడానికి వికారాబాద్ పోయింది. ల్యాప్‌టాప్‌లో ఆ నలభై మందికి పోయే ఉత్తరం ఖాళీగా ఉంది. మైకు బొమ్మ నొక్కి మాట్లాడితే తెలుగులో అదే రాసుకుంటుందని నాకు తెలుసు. ఎన్నోసార్లు చూశాను. తలుపు దగ్గరకు వేసి మొదలుపెట్టాను.

"అమ్మా, అయ్యా, అందరు మంచిగున్నరా? మేం పంపిన ఉత్తరం మీరు తెరిచిండ్రు. మాకు ఎరుకైంది. ఒకరైతే ఆరుసార్లు తెరిచిండ్రు. ఇంటికొచ్చి, బొమ్మలు చూసి, మంచినీళ్లు తాగి, పోయొస్తనన్న మాట చెప్పకుంట పోతరా ఎవరన్న? గిట్ల పోతె మా అత్తమ్మ ఎనుక నుంచి చెప్పు ఇసిరేది. నేను గంత దూరం పోను. మంచిగుంటె మంచిగుందనుండ్రి, లేకుంటె ఏం బాగలేదో చెప్పుండ్రి. కందులొస్తె గీ పిల్ల గది పోతది. ఇట్లు, బొమ్మలేసే పిల్ల తల్లి."

పంపు అన్నచోట నొక్కి, పప్పు పొయ్యి మీద పెట్టాను.

సాయంత్రం వచ్చి చూసుకున్న మా బిడ్డ నెత్తి పట్టుకుని కూలబడింది.

"అమ్మా! తెరిచింది మనకు ఎరుకైతదని వాళ్లకు చెప్తరా? గది చెప్పద్దు!"

"చాటుంగ చూసుడు తప్పు కాదా? చూసినమని చెప్పుడు తప్పా?"

అది మళ్లీ ల్యాప్‌టాప్ మీదికి వంగింది. ఆ లోపల జవాబులు రానే వచ్చాయి. ఏడుగురు తమ పేరు తీసెయ్యమన్నారు. ఒకామె, చిన్నపిల్ల ఫోన్‌తో ఆడుతూ తెరిచింది, క్షమించమని రాసింది. ఒక పంతులుగారు, "మీ ఎద్దు తోక కాలంత లావుగా ఉంది, ఐదు కాళ్ల ఎద్దు అనుకుంటారు, చెప్పలేక ఊరుకున్నాను" అన్నారు. నిజమే, వెళ్లి చూస్తే ఐదు కాళ్లు! హైదరాబాద్ నుంచి ఒకామె, "అచ్చం మా అత్తమ్మ తిట్టినట్టే ఉంది, రొట్టెలు కొట్టే బొమ్మ పంపండి" అని రాసింది. ఇంకొకరు గుమ్మం పక్కన పెట్టడానికి ఇంటి పేరు రాసిన బండ అడిగారు. మా బిడ్డ ఒక కంట నవ్వుతోంది, ఒక కంట ఏడుస్తోంది.

సరిగ్గా అప్పుడే మా ఆయన డ్యూటీ దిగి వచ్చాడు. చెప్పులు కూడా విడవలేదు.

"ఏమే, మా అమ్మ ఎన్నడు ఇసిరింది చెప్పు? యూనిట్ల పదిమంది ముందట చదివి నగుబాటైన."

నేను గరిటె కింద పెట్టాను. "ఎక్కడ చదివినవయ్యా?"

మా బిడ్డ గబగబా పట్టీ చూసింది. ప్రతి ఉత్తరాన్నీ ఐదేసి, ఆరేసి సార్లు తెరిచింది యూనిట్ నుంచి లారీ బిల్లులు పంపే ఈమెయిల్. మా ఆయన చేతిలో ఉండేది అదే.

"నాయినా, నా ఉత్తరాల కోసం పేరు ఎప్పుడు రాసుకున్నవ్?"

"నేనేడ రాసిన? ఏల్తో తగిలిందేమో."

"ఆరుసార్లా?" అన్నాను నేను.

"లారీ డ్రైవర్లు చూపెట్టుమన్నరు," అని అటు తిరిగి చెప్పులు విప్పాడు. "గుల్బర్గా దిక్కు పోయే డ్రైవరు గా మేకలది అడిగిండు. నీకు చెప్పుడు మర్చిపోయిన."

"చూసి, పలకకుంట ఉన్నవ్," అన్నాను.

"పలికిన గద ఇప్పుడు!"

"మా అమ్మను ఎందుకు తెచ్చినవని పలికినవ్. బొమ్మ ఎట్లుందో చెప్పు."

మా బిడ్డ తలెత్తకుండా వింటోంది. ఆయన కాళ్లు కడుక్కుని, తువ్వాలతో రెండుసార్లు తుడుచుకున్నాడు. రెండోసారికి తడి ఉంటే గదా తుడవడానికి.

"మంచిగనే ఉన్నయ్," అన్నాడు చివరికి. "గా ఎద్దు తోకనే జర సన్నగ జెయ్యి."

గది సంగతి మాత్రం ఎత్తలేదు. మాట మాటే అని మా బిడ్డకు భయం. ఆ మూడు గిరాకీలు లెక్కలోకి వస్తాయో రావో అని పుష్యమాసం దాకా రంగు డబ్బాలు సగం సర్దే ఉంచింది.

కంది బస్తాలు ట్రాక్టర్‌లో వచ్చిన రోజు, హమాలీలు ఎప్పటిలాగే భుజాన వేసుకుని నేరుగా ముందరి గదికి పోబోయారు. మా బిడ్డ గడపలో నిలబడిపోయింది. వాకిట్లోంచి మా ఆయన కేక పెట్టాడు.

"అటు గాదురా! లోపటికి, పండుకునే అర్రలకు!"

"నేనేడ పండుకోవాలెనయ్యా?" అన్నాను.

"ఉత్తరం రాసింది నువ్వే గద. బస్తాల నడుమ పండు."

పండుకున్నాను. మార్కెట్‌లో ధర పలికేదాకా రెండు నెలలు కంది దుమ్ముకు తుమ్ముతూనే ఉన్నాను.