పొలానికి వెళ్లిన గోడ

పంతొమ్మిది వందల ఇరవైల నాటి మాట. నర్సీపట్నం పక్కన బలిఘట్టానికి నేను కొత్తగా కాపరానికి వచ్చాను. మా ఇసుక నేలలో వరి ఆకుమడి ఏటా పసుపుపచ్చగా పాలిపోయేది. మామగారు దిగులుపడుతుంటే ఉండబట్టలేక, తలుపు చాటునుంచి అనేశాను.

"పశువుల మూత్రం ఇంకిన పాత గోడమన్ను సల్లితే నేలకి సత్తువొస్తాదండీ. ఏటికొప్పాకలో మావోళ్లు అదే సేత్తారు."

అంతే! మర్నాడు పొద్దున్నే మామగారు మా పశువులశాల వెనకగోడని అడుగునుంచి తవ్వించారు. మావైపు పడాల్సిన గోడ కాస్తా అవతలికి ఒరిగి ధభేలున కూలింది. అవతల ఆయన అన్నగారి పెరడు. అన్నదమ్ములకి ఏళ్లుగా మాటల్లేవు.

"ఓలమ్మో!" అని అటునుంచి పెద్దత్తగారి కేక. మామగారు "అన్నయ్యా!" అంటూ మట్టిగుట్ట మీదికి ఉరికారు.

దుమ్ము అణిగింది. తలనిండా మన్నుతో పెద్దమామగారు నిలబడి ఉన్నారు. వెనకే పెద్దత్తగారు, క్షేమంగా!

"ఏట్రా ఇది?"

"మడికి ఎరువన్నయ్యా. మన కోడలు సెప్పింది."

ఆయన గుప్పెడు మన్ను తీసి వాసన చూశారు.

"ఇది ఉమ్మడి గోడ. సగం మన్ను నాది!" అని భార్యవైపు తిరిగారు. "బేగి గంప అట్టుకురాయే!"

సిగ్గూ సంబరం కలిసి నేనూ ఓ గంప అందుకున్నాను. ఆ గోడ మళ్లీ కట్టలేదు. తర్వాత ఎన్ని పంటలు చూశానో గానీ, ఆ ఏటి పచ్చదనం కళ్లముందే ఉంది. ఇద్దరి మడుల్లోనూ ఒకే గోడ మొలకెత్తింది.