ఈశాన్యంలో ఇంటూ మార్కు

ఊళ్లోకి ఇంటర్నెట్ సెంటర్లు కొత్తగా వచ్చిన రోజులవి. సత్తెనపల్లిలో మిర్చి వ్యాపారం చేసే మా మామగారు గుంటూరులో ఎవరి చేతో వెబ్‌సైటు పెట్టించారు. సైటంటే ఆయనకు తెలిసింది ఇళ్ల స్థలం ఒక్కటే. "అది స్థలం కాదు మామయ్యగారూ, కంప్యూటర్లో కనిపించే పేజీ" అని చెప్పబోయాను. నేను కంప్యూటర్ కోర్సు చేసిన కోడలిని.

"నీకేం తెలుసమ్మా, రిజిస్ట్రేషన్ కూడా అయిపోతేనూ!" అన్నారు.

సైటు చూడ్డానికి వాస్తు సిద్ధాంతిగారిని వెంటబెట్టుకుని మరీ ఇంటర్నెట్ సెంటర్‌కి బయల్దేరారు. నేనూ వెళ్లాను. తెర మీద మామగారి పేరు, దాని కింద 'అండర్ కన్‌స్ట్రక్షన్' అని వచ్చింది.

"చూశావా, కడుతున్నారు!" అన్నారు నావైపు తిరిగి.

సిద్ధాంతిగారు కళ్లద్దాలు సవరించుకుని తెర కుడివైపు పైమూల చూపించారు. "ఈశాన్యంలో ఆ ఇంటూ మార్కేంటండీ? మహా దోషం. ముందది తీయించండి."

"తీసెయ్యవయ్యా!" అని మామగారు హుకుం జారీ చేశారు. నాకేం తెలుసు కనుక చెప్పడానికి? సెంటరాయన నవ్వు బిగబట్టి దాని మీద నొక్కాడు.

సైటు మాయమైంది.

"ఏదయ్యా నా సైటు?" అన్న కేకకి సెంటరంతా గొల్లున నవ్వింది.

అంతటి తెలివిగల మనిషికి నేనేం నేర్పగలను? ఇప్పటికీ ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ ఆయన చెప్పే మాట ఒకటే: "నా సైటు గుంటూరోళ్లు కబ్జా చేశారండీ!"