తెరవని రికార్డు

ఆ రోజు నేను రికార్డు తెరవలేదు. అందుకే నన్ను బదిలీ చేశారు. ఇప్పుడు చెప్పినా తెరవను.

కరోనా తగ్గుముఖం పట్టిన రోజులవి. మహబూబ్‌నగర్ వైపు సర్కారు దవాఖానల్లో రోగుల వివరాలు కంప్యూటర్‌లోకి ఎక్కించడం, ఆ పని సిబ్బందికి నేర్పడం నా ఉద్యోగం. కూలి చేసుకుంటూ అమ్మానాయిన చదివిస్తే వచ్చిన ఉద్యోగం.

ఒకసారి ఆఫ్రికాలోని ఒక దేశం నుంచి కొందరు వచ్చారు. తమ దేశంలో వాళ్లదీ ఇదే పని. మన పద్ధతి చూసి, తమకు ఏది పనికొస్తుందో తేల్చుకోవాలని వాళ్ల ఆశ. వాళ్లకు వివరించే బాధ్యత నాది. పట్నం నుంచి పై అధికారి ఒకాయన వెంట వచ్చారు. కల్వకుర్తి దగ్గర ఒక చిన్న దవాఖానలో గోడకు తెల్లగుడ్డ కట్టి, కంప్యూటర్‌లో కనిపించేదంతా దాని మీద పడేలా చేశాం.

చూపించడానికని లేని మనిషి పేరుతో ఒక రికార్డు ముందే తయారు చేసుకున్నాను. పై అధికారికి అది నచ్చలేదు.

"ఉత్తుత్తిది చూపిస్తే మన దగ్గర ఏదీ నడవడం లేదనుకుంటారమ్మా. బయట అంతమంది కూర్చున్నారు. ఎవరిదో ఒకటి తెరువు."

వరండాలో మందుల కోసం కూర్చున్న ఒక పెద్దామెను ఆయనే లోపలికి పిలిపించారు. భుజాన గొంగడి, గొర్లు కాసుకునే ఇంటి మనిషి. తరచూ వచ్చేది కనుక నాకు తెలుసు. ఆమె జబ్బేమిటో కూడా తెలుసు. ఇక్కడ కూడా చెప్పను.

"ఆమెను అడగాలి సార్" అన్నాను.

"చదువు రాని మనిషి. అడిగితే ఏం అర్థమవుతుంది?"

నాకు ఒళ్లు మండింది. మా అమ్మకూ చదువు రాదు. అయినా ఆమె వద్దన్న పని మా ఇంట్లో ఎవరూ చేయరు. లేచి వెళ్లి ఆ పెద్దామె పక్కన కూర్చున్నాను.

"అవ్వా, వీళ్లు వేరే దేశంకెల్లి వచ్చిండ్రు. నీ రోగం, నీ మందులు గా గుడ్డ మీద అందరికి చూపియ్యాలె అంటున్నరు. నీకిష్టమేనా?"

"అందరికా?"

"ఆ, అందరికి."

"వద్దు బిడ్డా. పానం బాగలేదని నీకు చెప్పుకున్న. లోకమంత చాటుమన్ననా?"

"సిగ్గుపడుతోందని చెప్పెయ్" అన్నారు అధికారి, గొంతు తగ్గించి.

నేను ఆ మాట చెప్పలేదు. ఆమె అన్నది అన్నట్టే ఇంగ్లీషులో చెప్పి, "ఆమె వద్దంది కాబట్టి తెరవను" అన్నాను. అధికారి ముఖం ఎర్రబడింది.

వచ్చినవాళ్లలో ఒకామె ముందుకు జరిగి, "ఆమె సరే అనాలంటే మీ పద్ధతిలో ఎలా అంటుంది?" అని అడిగింది. బయటివాళ్లు చూడాలంటే రోగి ఫోనుకు ఒక నంబరు వస్తుందని, అది చెబితే అనుమతి ఇచ్చినట్టేనని వివరించి, పెద్దామెకూ అదే మాట చెప్పాను.

"ఫోనెక్కడిది నాకు?" అంది పెద్దామె. "నా కొడుకు కాడుంది. వాడు గొర్లెంబడి ఆత్మకూర్ దిక్కు పోయిండు." అదీ ఇంగ్లీషులో చెప్పాను.

"అంటే ఆమె బదులు కొడుకు సరే అనొచ్చా?" అని అడిగింది వచ్చినామె.

"అనొచ్చు. నంబరు చెప్పింది ఎవరో మాకు తెలియదు కూడా" అన్నాను. దాచడానికి ఏముంది?

ఆ తర్వాత, మా పని గొప్పగా చూపించడానికి అధికారి తెచ్చిన రంగురంగుల బొమ్మలను ఎవరూ చూడలేదు. పెద్దామె మందులు తీసుకుని వెళ్లిపోయింది. తమ ఊళ్లలోనూ ఇంటికొకటే ఫోనని, అది మగవాళ్ల చేతిలోనే ఉంటుందని వాళ్లు చెప్పారు. ఏం చేయాలో సాయంత్రందాకా వాదించుకున్నాం. చివరికి నా రికార్డే తెరిచి గుడ్డ మీద చూపించాను. అది నా ఇష్టం.

మర్నాటి కార్యక్రమానికి నన్ను రావద్దన్నారు. కొద్ది రోజులకే తిరుమలగిరికి పంపారు.

"జర తప్పయిందంటే అయిపోతుండె గదనే" అంది అమ్మ.

"తప్పు చేస్తె గద!" అన్నాను. నా పెట్టె అమ్మే సర్దింది.

ఇంకో దేశం వాళ్లు వస్తున్నారని పోయినేడు అదే అధికారి ఫోన్ చేశారు. మొదటిసారి వచ్చినవాళ్లు నా గురించి చెప్పారట, వీళ్లు నేనే వివరించాలన్నారట.

"ఈసారి నేను చెప్పినట్టు వినాలి" అన్నారు.

"వస్తాను సార్. ఎవరి రికార్డయినా వాళ్లనడిగే తెరుస్తాను. వద్దంటే తెరవను."

"సరే, రా" అన్నారు.